బ్రబోర్న్‌లో ఆరు రోజులు: యుద్ధకాలపు రంజీ ఫైనల్

యుద్ధకాలంలో ఆట – 6వ భాగం

దేశం యుద్ధంలో మునిగి ఉన్నప్పుడు జీతానికి ఆడే ఆటలు సాగాలా, సాగితే ఆ ఏడాది విజేతను తేల్చే చివరి పోటీని ఎవరితో, ఎక్కడ, ఎలా ముగించాలి అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో రెండుసార్లు తలెత్తింది. రెండుసార్లూ ప్రభుత్వమే నేరుగా కలగజేసుకుని జవాబు చెప్పిన దేశం అమెరికా. అక్కడ ఏప్రిల్ నుంచి శరదృతువు దాకా రెండు లీగులుగా సాగే బేస్‌బాల్ ఆటలో, ఒక్కో లీగులో విజేతగా నిలిచిన జట్లు రెండూ చివరికి తలపడే పోటీని వరల్డ్ సిరీస్ అంటారు. ఏడు ఆటల్లో నాలుగు గెలిచిన జట్టు విజేత అవుతుంది. 1918లో సైనిక సమీకరణ బాధ్యత చూసే జనరల్ ఈనక్ క్రౌడర్, యువకులు యుద్ధానికి పనికొచ్చే పనైనా చేయాలి, లేదా యుద్ధానికైనా పోవాలి అని ఉత్తర్వు ఇచ్చాడు. బేస్‌బాల్ అత్యవసరమైన పని కాదని యుద్ధశాఖ తేల్చడంతో ఆ ఏటి లీగు సెప్టెంబరు 2కే ముగిసిపోగా, ఆటగాళ్లకు మరికొద్ది రోజుల గడువు ఇప్పించుకుని సెప్టెంబరు 5 నుంచి 11 వరకు వరల్డ్ సిరీస్‌ను హడావుడిగా కానిచ్చారు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు చికాగో కబ్స్ మీద నాలుగుకు రెండు ఆటల తేడాతో గెలిచిన ఆ సిరీస్‌లో మొదటి ఆట మధ్య విరామంలో వాద్యబృందం దేశభక్తి గీతం వాయించడం, ప్రేక్షకులు లేచి నిలబడి గొంతు కలపడం పత్రికలకు పెద్ద వార్త అయింది. అయిదో ఆటకు ముందు అవే ఆటగాళ్లు టికెట్ల రాబడిలో తమ వాటా తగ్గించారని మైదానంలోకి దిగకుండా మొరాయించిన సంగతి మాత్రం గీతం కథంత తరచుగా ఎవరూ తలచుకోరు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ అనుభవం పనికొచ్చింది. 1942 జనవరి 15న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బేస్‌బాల్ కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్‌కు రాసిన లేఖలో, సైన్యంలో చేరవలసిన వయసు వాళ్లు చేరవలసిందేననీ, అయితే పగలంతా పనిచేసే జనానికి కాస్త ఊరట కావాలి కనుక ఆట సాగడమే దేశానికి మంచిదనీ, రాత్రిపూట ఆటలు పెంచితే బాగుంటుందనీ తన సొంత అభిప్రాయంగా చెప్పాడు. ఆట ఆగలేదు, ఆడేవాళ్లే కరువయ్యారు. అయిదు వందలకు పైగా ప్రధాన లీగుల ఆటగాళ్లు సైన్యంలో చేరిపోగా, వాళ్ల ఖాళీలను పదిహేనేళ్ల కుర్రవాడితోనూ, సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టులో ఒంటిచేతి పీట్ గ్రే వంటివారితోనూ నింపుకోవలసి వచ్చింది. జపాను ఆగ్నేయాసియా రబ్బరు తోటలను ఆక్రమించుకున్నాక బంతి లోపల రబ్బరుకు బదులు బలాటా అనే చెట్టు బంక వాడి చూశారు గాని 1943 ఆరంభంలో ఆ బంతి ఎంత కొట్టినా దూరం పోక అందరినీ విసిగించింది. రైళ్ల మీద ఒత్తిడి తగ్గించడానికి 1943, 1945 వరల్డ్ సిరీస్‌లలో ఒక ఊళ్లో మూడు ఆటలు, రెండో ఊళ్లో మిగిలిన నాలుగు జరిగేలా ఏర్పాటు మార్చారు. 1944లో ఆ ఇబ్బంది కూడా లేకుండా పోయింది, ఎందుకంటే తుది పోరుకు వచ్చిన రెండు జట్లూ సెయింట్ లూయిస్ నగరానివే, రెంటికీ సొంత మైదానమూ ఒకటే.

క్రికెట్ ప్రపంచంలో ఇంత తర్జనభర్జన జరగలేదు, ఎక్కువ చోట్ల ఆట ఆగిపోయింది. ఇంగ్లండులో జిల్లా జట్ల మధ్య సాగే కౌంటీ చాంపియన్‌షిప్ 1940 నుంచి 1945 దాకా లేదు. లండనులోని ఓవల్ మైదానంలో యుద్ధఖైదీల కోసం కంచెలు వేశారు. ఆస్ట్రేలియాలో షెఫీల్డ్ షీల్డ్‌కూ, న్యూజీలాండులో ప్లంకెట్ షీల్డ్‌కూ అదే గతి పట్టింది. యుద్ధం నడిచిన ఆరేళ్లలో ఒక్క ఏడు కూడా తప్పకుండా జాతీయ విజేతను తేల్చుకున్న పెద్ద క్రికెట్ దేశం భారతదేశమే. 1934లో పటియాలా మహారాజా భూపీందర్ సింగ్ బహూకరించిన కప్పుతో, అంతకు ముందు ఏడు మరణించిన నవానగర్ సంస్థానాధిపతి రంజిత్ సింహ్ జీ పేరిట మొదలైన రంజీ ట్రోఫీ, 1939–40 నుంచి 1944–45 వరకు వరుసగా మహారాష్ట్ర, మళ్లీ మహారాష్ట్ర, బొంబాయి, బరోడా, పశ్చిమ భారత జట్టు, మళ్లీ బొంబాయి చేతుల్లోకి వెళ్లింది. ఓడిన జట్టు అక్కడికక్కడే ఇంటిముఖం పట్టే నాకౌట్ పద్ధతి వల్ల, దేశాన్ని నాలుగు మండలాలుగా విడగొట్టి ముందు దగ్గరి జట్ల మధ్యే ఆడించడం వల్ల, బేస్‌బాల్ లీగులా నెలల తరబడి రైళ్లలో తిరగవలసిన అవసరం దీనికి లేదు.

ఆట ఆగకపోవడానికి అసలు కారణం మాత్రం ప్రయాణాల్లో కాక చట్టంలో ఉంది. అమెరికాలోనూ బ్రిటనులోనూ నిర్బంధ సైనిక సేవ, అంటే వయసు వచ్చిన మగవాడు పిలుపు అందితే సైన్యంలో చేరితీరాలన్న చట్టం, జట్లను ఖాళీ చేసింది. భారతదేశంలో అటువంటి చట్టాన్ని 1940లో ఇక్కడ నివసించే ఐరోపా సంతతి బ్రిటిష్ ప్రజలకు మాత్రమే వర్తింపజేశారు. భారతీయుల విషయంలో సైన్యం మొదటి నుంచి చివరిదాకా స్వచ్ఛందంగా చేరినవారితోనే, అంటే జీతం కోసమో బతుకుతెరువు కోసమో పేరు రాయించుకున్నవారితోనే, ఇరవై అయిదు లక్షలకు పెరిగింది. బొంబాయి మిల్లు యజమాని కొడుకునూ, ఇందూరు సంస్థానపు కొలువులో ఉన్న బ్యాట్స్‌మన్‌నూ రైఫిలు పట్టుకు రమ్మని అడిగే అధికారం ఎవరికీ లేదు. పాలకులకు కూడా, తమను సంప్రదించకుండానే తమ తరఫున యుద్ధం ప్రకటించారని మండిపడుతున్న జనం శీతాకాలంలో మైదానాల చుట్టూ చేరి పరుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అంతకన్నా కావలసిందేముంది?

యుద్ధం దూరంగా ఉండటం వల్లనే ఇక్కడ ఆట సాగిందని అనుకోవడం మాత్రం పొరపాటు. తెలుగు తీరానికి అది చాలా దగ్గరగానే వచ్చింది. 1942 మార్చి 8న రంగూను పడిపోయింది. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి తరతరాలుగా రేవుకూలీలుగా, మిల్లు కూలీలుగా వెళ్లినవారిని, కాకినాడ పక్కనున్న పాత రేవు కోరంగి పేరు మీద బర్మా దేశస్థులు ‘కోరంగీలు’ అని పిలిచేవారు. వారిలో ఓడ దొరకనివారు కొండదారుల్లో కాలినడకన అస్సాం వైపు బయలుదేరగా, ఎందరో దారిలోనే రోగాలకూ ఆకలికీ బలయ్యారు. ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలను లోపలి పట్టణాలకు తరలించారు, జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. బర్మా బియ్యం రాకడ ఆగిపోయేసరికి డెల్టా ధాన్యానికి దేశమంతటా గిరాకీ పుట్టింది, దానితోపాటే ధరల నియంత్రణ, ధాన్య సేకరణ, రేషను కార్డు కూడా వచ్చాయి. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం డెల్టా పట్టణాలను కుదిపేసింది. తెనాలిలో ఆగస్టు 12న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

ఆ 1942 ఆగస్టు తాకిడికి బొంబాయిలో ఒక పోటీ ఆ ఏడాదికి ఆగిపోయింది గాని అది రంజీ కాదు, పెంటాంగ్యులర్. హిందువులు, ముస్లింలు, పార్సీలు, ఐరోపావారు, వీరెవరిలోనూ చేరని ‘ఇతరులు’ అంటూ మతాన్ని బట్టి విడదీసిన అయిదు జట్లు ఆడే ఈ పోటీకి అప్పట్లో రంజీ ట్రోఫీ కంటే ఎన్నో రెట్లు జనం వచ్చేవారు, డబ్బూ దానికే వచ్చేది. 1940 డిసెంబరులో హిందూ జింఖానా ప్రతినిధులు వచ్చి అడిగినప్పుడు గాంధీ, ఐరోపా రక్తసిక్తమై ఉండగా, సత్యాగ్రహులు జైళ్లలో ఉండగా ఇటువంటి వేడుక తగదనీ, ఆటలోకి మతభేదం రావడం అసలే తగదనీ చెప్పాడు. ఆ మాట దేశమంతటా చర్చకు దారితీసినా పోటీ మాత్రం వెంటనే ఆగలేదు. 1943లో మళ్లీ జరిగి, ‘ఇతరుల’ జట్టు చేసిన 387 పరుగుల్లో విజయ్ హజారే ఒక్కడే 309 చేసిన వింత ఇన్నింగ్స్‌కు వేదికైంది. అప్పటికి బెంగాలులో కరువు లక్షల మందిని పొట్టనబెట్టుకుంటోంది. 1942 అక్టోబరు తుపాను బాధితుల కోసం, బిజాపూరు కరువు బాధితుల కోసం నిధులు పోగుచేయడానికి ‘బెంగాల్ సైక్లోన్ జట్టు’, ‘బిజాపూర్ ఫామిన్ జట్టు’ అనే పేర్లతో పెద్ద ఆటగాళ్లను రెండుగా పంచి ఆడించిన మ్యాచ్ కూడా ఆ కాలానిదే. విపత్తులే రెండు జట్లుగా తలపడినట్టుండే ఆ పేర్లు ఇవాళ చదివేవారికి కొంచెం ఇబ్బందిగా అనిపించక మానవు.

యుద్ధకాలపు రంజీ ఫైనళ్లలో రెండు దక్షిణాదికి వచ్చాయి. 1940–41లో గోదావరి, కృష్ణా జిల్లాలు అంతర్భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ జట్టు తన సొంతగడ్డ మద్రాసులో మహారాష్ట్ర చేతిలో ఓడింది. 1942–43లో తుది పోరు తెలుగు నేలమీదే, సికిందరాబాదులో జరిగింది; 1937–38లో నవానగర్ మీద ఒకే ఒక్క వికెట్ తేడాతో కప్పు గెలిచిన హైదరాబాదు జట్టు ఈసారి బరోడా సంస్థానం ముందు 307 పరుగుల తేడాతో చేతులెత్తేసింది. సికిందరాబాదు దండుప్రాంతం, అంటే సైనిక నివాసాల ఊరు, అప్పటికి ఫ్రంటుకు పోయే పటాలాలతో కిక్కిరిసి ఉంది. ఆ ఏడు బరోడాను ముందుకు నడిపించిన బౌలర్లలో మణికట్టు తిప్పి బంతిని లెగ్ వైపు నుంచి ఆఫ్ వైపుకు తిరిగేలా వేసే లెగ్‌స్పిన్నర్ కొఠారి సుబ్బన్న నాయుడు (సి.ఎస్. నాయుడు) ముఖ్యుడు. ఒక రంజీ సీజనులో 40 వికెట్లు తీసిన మొదటి బౌలర్‌గా ఆయన పేరు నిలిచింది ఆ ఏటే. రెండేళ్ల తర్వాత అన్నగారి జట్టులోకి మారి ఆయన వేసిన బంతుల లెక్క క్రికెట్ చరిత్రలోనే ఒక మైలురాయి కావలసి ఉంది.

ఆ అన్నగారు కొఠారి కనకయ్య నాయుడు, సి.కె. నాయుడుగా దేశానికంతకూ తెలిసినవాడు. ఈ కుటుంబం మూలాలు మచిలీపట్నంలో ఉన్నాయి. తాతల కాలంలోనే నాగపూరు చేరి అక్కడ వకీలు వృత్తిలో, భూముల్లో స్థిరపడ్డారు. 1895 అక్టోబరు 31న నాగపూరులో పుట్టిన కనకయ్య 1916లో, అంటే మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, బొంబాయిలో హిందువుల జట్టు తరఫున ఐరోపావారి మీద తొలిసారి పెద్ద మ్యాచ్ ఆడి, తన మొదటి పరుగులను సిక్సర్‌తోనే రాబట్టాడు. 1926 డిసెంబరులో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేశాడు, 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశం ఆడిన మొదటి టెస్టుకు నాయకత్వం వహించాడు, మరుసటి ఏడు విజ్డెన్ వార్షిక గ్రంథం ఎంపిక చేసిన అయిదుగురు ఉత్తమ ఆటగాళ్లలో చోటు సంపాదించాడు. 1934 ఫిబ్రవరిలో మద్రాసు టెస్టులో ఆయన జట్టును పదకొండు వికెట్లతో కూలదోసిన ఇంగ్లండు బౌలర్ హెడ్లీ వెరిటీ, 1943లో సైన్యంలో కెప్టెన్‌గా ఇటలీ యుద్ధంలో గాయపడి శత్రువుల చెరలోనే కన్నుమూశాడు. ఆ వార్త వచ్చేనాటికి నాయుడు కూడా సైనిక హోదాలోనే ఉన్నాడు, కాకపోతే ఆ సైన్యం వేరు, అందులో ఆయన చేయవలసిన పనీ వేరు.

1923లో ఇందూరు సంస్థానాధిపతి తుకోజీరావు హోల్కర్ నాయుడును నాగపూరు నుంచి పిలిపించుకుని తన సంస్థాన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చాడు. క్రమంగా ఆయన కర్నల్ అయ్యాడు. సంస్థానాల కాలంలో దివాణం సంగీత విద్వాంసుణ్ణీ, మల్లయోధుణ్ణీ పోషించిన తీరులోనే క్రికెటరునూ పోషించింది. కాకపోతే ఆటగాణ్ణి జీతగాడు అనడం గౌరవంగా ఉండదు కనుక భుజం మీద ఒక నక్షత్రమో కిరీటమో పెట్టి సైనికాధికారిని చేసేవారు. ఇంగ్లండులో పరిస్థితి మరోరకంగా ఉండేది: ఆట కోసం డబ్బు తీసుకునేవాణ్ణి ప్రొఫెషనల్ అనీ, తీసుకోనివాణ్ణి అమెచ్యూర్ అనీ విడదీసి, ఇద్దరికీ దుస్తులు మార్చుకునే గదులు కూడా వేరువేరుగా కేటాయించేవారు. అమెరికా బేస్‌బాల్‌లో ఒప్పందపు పత్రం మీద జీతం అంకె రాసే ఉండేది. హోల్కర్ పద్ధతిలో ఈ మూడింటి పోకడలూ కొంచెం కొంచెం ఉన్నాయనవచ్చు: బతుకుతెరువు ఆటే, పేరుకు కొలువు, మర్యాద అధికారిది. తుకోజీరావు తర్వాత గద్దెనెక్కిన యశ్వంతరావు హోల్కర్ కాలంలో, 1941–42 నుంచి, ఇందూరు జట్టు ‘హోల్కర్’ అనే పేరుతోనే రంజీ బరిలోకి దిగింది. నాయుడు కుర్రతనంలోనే గుర్తించి సానపట్టిన ఇందూరువాసి ముస్తాక్ అలీ, చందు సర్వతే, జె.ఎన్. భాయా వంటివారు ఆ జట్టులో చేరారు, 1944–45 నాటికి బరోడా విడిచి సి.ఎస్. నాయుడు కూడా వచ్చాడు.

అదే సంవత్సరం యుద్ధం హోల్కర్ జట్టుకు ఎవరూ ఊహించని బహుమతి ఇచ్చింది. ఇందూరుకు కూతవేటు దూరంలోని మహూ కంటోన్మెంటులో సైనికులకు వ్యాయామ శిక్షణ ఇచ్చే పనిలో, ఇంగ్లండు క్రికెట్‌లో అందరికంటే జనాదరణ ఉన్న ప్రొఫెషనల్, శీతాకాలంలో ఆర్సెనల్ క్లబ్బుకు ఫుట్‌బాల్ ఆడే డెనిస్ కాంప్టన్ ఉన్నాడు. కర్నల్ నాయుడు అతన్ని తన జట్టులోకి తీసుకున్నాడు. దీంతో 1945 మార్చిలో బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలోకి దిగిన హోల్కర్ జట్టు స్వరూపం చిత్రంగా తయారైంది: పేరు పక్కన సైనిక హోదా ఉన్నవాళ్లు ఆట మీద బతుకుతున్నారు, ఆటే తన వృత్తి అని బాహాటంగా చెప్పుకునే ఒక్కడు నిజంగా సైనికుడు. అమెరికాలో యుద్ధం ఆటగాళ్లను సైన్యంలోకి లాక్కుపోయిందంటే, ఇందూరులో ఆటగాళ్లు సైన్యం పట్టీలోనే ఉండి మైదానం వదలలేదు, పైగా అసలు సైన్యం నుంచి మరో ఆటగాడు వచ్చి కలిశాడు. యుద్ధకాలంలో ఇతర దేశాల జట్లు పలచబడుతుంటే హోల్కర్ చిక్కబడిన వైనం ఇదీ.

ఎదురుగా ఉన్న బొంబాయి జట్టుకు నాయకుడు విజయ్ మర్చంట్, బట్టల మిల్లుల కుటుంబంలో పుట్టి, ఆటను ధ్యానంలా సాగించినవాడు. 1943–44 సీజనులో మహారాష్ట్ర మీద 359 పరుగులు చేసి అజేయంగా నిలిచిన ఘనత అతనిది. అతనికి తోడు రూసీ మోదీ అనే సన్నపాటి యువకుడు ఆ ఏడు పట్టిందల్లా బంగారంగా పరుగులు పోగేస్తున్నాడు. అప్పటి రంజీ ఫైనల్ కాలపరిమితి లేనిది, అంటే ఇన్ని రోజుల్లో ముగియాలన్న నిబంధన లేదు, ఒక జట్టు గెలిచేదాకా ఆడుతూనే ఉండాలి. పిచ్ చాప పరిచినట్టు చదునుగా ఉండి, గడువు లేని ఆట అయినప్పుడు బ్యాట్స్‌మన్‌కు తొందరపడే పనే ఉండదు. బౌలర్‌కు మాత్రం తప్పించుకునే దారి ఉండదు.

మొదటి ఇన్నింగ్స్‌లో బొంబాయి 462 పరుగులు చేసింది. మోదీ సెంచరీకి రెండు పరుగుల దూరంలో 98 దగ్గర ఆగాడు. సి.ఎస్. నాయుడు 64 ఓవర్ల 5 బంతులు వేసి 153 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు, మామూలు మ్యాచ్‌లో అయితే అక్కడికే అతని పని అయిపోయినట్టు లెక్క. హోల్కర్ బదులుగా 360 చేసింది, అందులో ముస్తాక్ అలీవి 109; ఏ బంతినైనా ఏ దిక్కుకైనా తరలించగల ఆ ఆటగాడికి ఓపిక లేదని ఆక్షేపించేవారికి ఈ మ్యాచ్ మొత్తం మీద అతను చెప్పిన జవాబు గట్టిదే. కాంప్టన్ 20కే వెనుదిరిగాడు. 102 పరుగుల ఆధిక్యం చేతిలో ఉన్న మర్చంట్, గడువు లేని ఆటలో ఇన్నింగ్స్ డిక్లేర్ చేయడం, అంటే వికెట్లు మిగిలి ఉండగానే తన బ్యాటింగ్ ముగించి ఎదుటివారిని ఆడమనడం, అనవసరమని తలచాడేమో, రెండో ఇన్నింగ్స్‌ను పది వికెట్లూ పడేదాకా నడిపించాడు. తాను 278, మోదీ 151. జట్టు స్కోరు 764. 160తో మొదలుపెట్టి 151తో ముగించిన మోదీ ఆ సీజనులో చేసిన రంజీ పరుగులు 1008, ఒక సీజనులో వెయ్యి దాటిన మొదటివాడు అతనే.

ఈ 764 వెనుక ఉన్న శ్రమను చూడాలంటే బొంబాయి వైపు కాక బంతి పట్టిన సి.ఎస్. వైపు చూడాలి. రెండో ఇన్నింగ్స్‌లో అతను 88 ఓవర్లు వేశాడు, ఓవర్‌కు ఆరు బంతుల చొప్పున 528 బంతులు. లెగ్‌స్పిన్ వేయడానికి మొదటి రెండు వేళ్లతో బంతిని బిగించి, ఉంగరపు వేలి పక్కను కుట్టు మీద ఒరిపిస్తూ మణికట్టును ఒక్కసారిగా విరిచి వదలాలి. రోజుకు ఇరవై ఓవర్లు వేస్తేనే ఆ వేలి చర్మం లేచిపోవడం ఆ విద్య తెలిసినవారందరికీ అనుభవమే. అతను ఇచ్చిన పరుగులు 275, దక్కిన వికెట్లు అయిదు. మ్యాచ్ మొత్తానికి 152 ఓవర్ల 5 బంతులు, అంటే 917 బంతులు, 428 పరుగులు, పదకొండు వికెట్లు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఒకే మనిషి ఇన్ని బంతులు వేసినదీ, ఇన్ని పరుగులు సమర్పించుకున్నదీ అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. ఈ రెండో రికార్డును తలచుకుని జాలిపడేవారు మొదటిదాన్ని మరిచిపోతుంటారు. నాయకుడు సొంత అన్న కావడం వల్ల తమ్ముడికి విశ్రాంతి దొరకలేదా, లేక ఆ పిచ్ మీద వికెట్ తీయగలవాడు అతను తప్ప మరొకడు కనబడలేదా అన్నదానికి స్కోరుకార్డు జవాబు చెప్పదు; నాయుడు నాయకత్వపు కరుకుదనం గురించి తెలిసినవారికి మొదటిది అసాధ్యంగా తోచదు.

హోల్కర్ గెలవాలంటే 867 పరుగులు కావాలి. అటువంటి లక్ష్యం ముందు ఏ జట్టైనా రెండు పూటల్లో చాప చుట్టేస్తుందని అనుకోవడం సహజం. ముస్తాక్ అలీ ఈసారి 139 చేశాడు, ఫైనల్లో రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ. కాంప్టన్ 249 చేసి, ఎవరికీ చిక్కకుండా నిలబడి ఉండగానే అవతలి వికెట్లు అయిపోయాయి. వంద దాటాక చేసే ప్రతి పరుగుకూ ఇంతని సొమ్ము ఇస్తానని ఒక సంపన్న వ్యాపారి మాట ఇచ్చాడనీ, తీరా 249 చేసి వచ్చి చూస్తే ఆయన అర్జంటు పని మీద ఊరు విడిచి వెళ్లినట్టు కబురు మిగిలిందనీ కాంప్టన్ తర్వాతి కాలంలో నవ్వుతూ చెప్పేవాడు. కథకు కొంత ఉప్పుకారం చేరి ఉండవచ్చు గాని, వృత్తి ఆటగాడికి సైనికుడి జీతం మీద బతికే రోజుల్లో ఆ పందెం ఎందుకు తియ్యగా తోచిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. హోల్కర్ 492కు ఆలౌట్ అయింది. బొంబాయి 374 పరుగుల తేడాతో గెలిచింది. నాలుగు ఇన్నింగ్స్, నలభై వికెట్లు, 2078 పరుగులు: ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అప్పటివరకు ఒక్క మ్యాచ్‌లో ఇన్ని పరుగులు రాలేదు.

మార్చి నెల ఆ పక్షంలోనే భారత సైన్యపు దళాలు మధ్య బర్మాలో మెయిక్‌టీలా పట్టణం చుట్టూ జపాను దళాలతో హోరాహోరీగా పోరాడుతున్నాయి. 9వ తేదీ రాత్రి అమెరికా విమానాలు టోక్యో మీద నిప్పుల వాన కురిపించి ఒక్క రాత్రిలో లక్ష దాకా ప్రాణాలు తీశాయి. ఆనాటి దినపత్రిక తెరిచిన పాఠకుడికి కాగితం కొరత వల్ల కుదించిన పేజీల్లో ఈ వార్తలూ, మర్చంట్ పరుగులూ ఒకేసారి కంటబడేవి. ఆటను జనం యుద్ధాన్ని మరవడానికి వాడుకున్నారని చరిత్రకారులు తరచుగా అంటారు. భారతదేశానికి సంబంధించినంతవరకు ఈ మాట సగమే నిజం అనుకోవాలి, ఎందుకంటే బియ్యం క్యూలో నిలబడి, బర్మా నుంచి రాని అన్నదమ్ముల కోసం ఎదురుచూసే కోరంగి కుటుంబానికి బ్రబోర్న్‌లో ఏం జరిగిందో తెలిసే వీలే తక్కువ. రంజీ ఫైనల్ నగరాల ఆట, ఇంగ్లీషు పత్రిక కొనగలవాళ్ల ముచ్చట, సంస్థానాధీశుల పంతం. అమెరికా ఫ్యాక్టరీ కూలీకి రాత్రి దీపాల కింద బేస్‌బాల్ చూపించమన్న రూజ్‌వెల్ట్ లేఖకు సమానమైనది ఈ దేశంలో ఎవరూ రాయలేదు, రాయవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

ఓటమి తర్వాత హోల్కర్ కుంగిపోలేదు. మరుసటి ఏడు, 1946లో, ఇందూరులో బరోడా మీద జరిగిన ఫైనల్లో యాభై ఏళ్ల సి.కె. నాయుడు స్వయంగా 200 పరుగులు చేసి, 56 పరుగుల తేడాతో సంస్థానానికి తొలి కప్పు తెచ్చిపెట్టాడు. 1944–45 నుంచి 1954–55 దాకా పదకొండు సీజన్లలో హోల్కర్ పదిసార్లు ఫైనల్ చేరి నాలుగుసార్లు గెలిచింది. యుద్ధకాలంలో చెదిరిపోకుండా నిలిచిన కూర్పే ఈ వరుసకు పునాది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, అదే ఏడు ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టి, 1953–54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు, యాభై ఎనిమిదేళ్ల నాయుడు ఇందూరు నుంచి వచ్చి పూర్వీకుల నేల తరఫున ఆడాడు. అప్పటిదాకా మద్రాసు జట్టులో చోటు దొరికితేనే పెద్ద ఆట చూడగలిగిన గోదావరి, కృష్ణా జిల్లాల కుర్రాళ్లకు సొంత జట్టంటూ ఒకటి ఏర్పడింది ఆ సీజనులోనే. అయితే వాళ్లలో ఎవరికీ కెప్టెన్ హోదా ఇచ్చి పోషించే మహారాజు మిగిలి లేడు. సంస్థానాలు విలీనమైపోయాయి, 1954–55 ఫైనల్లో మద్రాసు చేతిలో ఓడాక హోల్కర్ అనే జట్టు పేరే రంజీ పట్టికలోంచి తొలగిపోయింది. ఆటగాడి జీతం దివాణం ఖజానా నుంచి రైల్వేల, బ్యాంకుల, సిమెంటు కంపెనీల జీతాల పట్టీకి మారింది. ఆ మార్పు హైదరాబాదులో ఎలా జరిగిందో, నిజాం కొలువులోని ఆటగాళ్లు 1948 తర్వాత ఏమయ్యారో వచ్చే భాగంలో.